ఎర్ర అక్షరాల కవర్ల విషయమై రెండో లైను పోస్టుమాన్ మనవి

తపాలా పర్యవేక్షకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉచిత న్యాయ సహాయ కార్యాలయం నుండి గ్రామీణ మహిళలకు వచ్చు రిజిస్టరు కవర్లు – వాటిని బట్వాడా చేసినచో కలుగు నష్టము, చేయనిచో కలుగు నష్టము – నేను ఏడుగురి కవర్లు బట్వాడా చేయక నా వద్ద ఉంచుకొనుట – తగు ఉత్తర్వులు కోరుట – గురించి.

తమ అధీనంలోని రెండో లైను వీధుల్లో పంతొమ్మిదేళ్ళుగా పోస్టుమాన్‌గా పనిచేయుచున్న నేను సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా: ఈ పంతొమ్మిదేళ్ళలో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. వానలో నా సంచిలో ఒక్క ఉత్తరం తడవలేదు. కుక్క కరిచిన రోజున సైతం మిగిలిన ఆరు ఇళ్ళ ఉత్తరాలు ఇచ్చిన తర్వాతే సూదిమందు వేయించుకున్నాను. ఇది గొప్పలు చెప్పుకొనుట కాదు. కింద రాయబోయేది చదివిన పిమ్మట తమరికి నా మీద వేరే అభిప్రాయం కలుగును గనుక, ఇది కూడా ఒక పక్కన ఉండనిమ్మని కోరిక.

1. కవరు స్వరూపం. కవరు పొడుగ్గా తెల్లగా ఉంటుంది. దాని మీద ఎర్ర అక్షరాలతో "భర్త హింసకు గురైన గ్రామీణ మహిళలకు ఉచిత న్యాయ సహాయం" అని అచ్చు వేయించారు. వీధి అవతలి అరుగు మీద కూర్చున్న ముసలాయనకు కళ్ళజోడు లేకుండా కనబడేంత లావు అక్షరాలు. కింద ఆమె పేరు. ఆ కింద ఫలానా వారి భార్య అని భర్త పేరు, అది కూడా లావుగానే. ఇంకా కింద టౌనులో లాయరు దగ్గర హాజరు కావలసిన తేదీ, మరిచిపోకుండా ఉండేందుకు కాబోలు, రబ్బరు ముద్రతో. ఇక లోపలి కాగితం చదవవలసిన పనే లేదు. ఈ కవరు అచ్చు వేయించినవారు మంచి మనసుతోనే వేయించి ఉంటారు. అయితే వారు ఏనాడూ ఒక గుమ్మం ముందు నిలబడి దాన్ని చేతికి అందించి ఉండరు.

2. మొదటి కవరు. ఈ పథకం మా లైనుకు వచ్చి నాలుగు నెలలు. టౌనుకు పోవాలంటే బస్సు మారి మూడు గంటల ప్రయాణం గనుక, ఆరోగ్య కార్యకర్త ఇక్కడే ఆడవాళ్ళ చేత ఫారాలు నింపించి పంపుతుంది. అక్కడి కార్యాలయం ఒక లాయరమ్మను కేటాయించి, తేదీ వేసి, ఉత్తరం పంపుతుంది. మొదటి ఉత్తరం ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసే ఒకామెకు వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆమె పనిలో ఉంది. భర్త గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చిరునామాదారు లేనప్పుడు ఆ ఇంట్లోని పెద్దలకు ఇవ్వవచ్చునని నిబంధన. నిబంధన ప్రకారం ఇచ్చాను. అతను వేలిముద్ర వేశాడు. తర్వాత "ఏం రాశారో కాస్త చదివి పెట్టండి" అన్నాడు.

అయ్యా, మా లైనులో సగంమందికి చదువు రాదు. పెళ్ళి కబుర్లూ చావు కబుర్లూ అన్నీ నేనే చదివి పెడతాను. ఎవరికీ కాదనలేదు. నాకు గొంతు బాగుంటుందని అంటారు. ఆ రోజూ నిలబడి, గొంతు సవరించుకుని, "మీరు తెలిపిన వివరాలు ఈ కింది విధంగా నమోదు చేయడమైనది" అన్న దగ్గర మొదలుపెట్టి, ఆమె చెప్పి రాయించుకున్న ఏడు అంశాలూ తేదీలతో సహా చదివాను. మధ్యలో ఒకచోట అతను "మళ్ళీ చదవండి" అన్నాడు. మళ్ళీ చదివాను. మంచినీళ్ళు ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఆమె పని దగ్గర కనబడింది. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. కుడి చేత్తోనే తల మీద ఇటుకలు పట్టుకుని మోస్తోంది.

"ఉత్తరం చదివింది మీరేనా?" అంది.

"నేనేనమ్మా."

"నాకూ చదువు రాదు కదా, లోపల ఏముందో ఆయన చెబితేనే తెలిసింది. మొదటిది ఇదీ, రెండోది ఇదీ అని ఒక్కొక్కటీ చెబుతూ కొట్టాడు. మీరు ఎంత నిదానంగా చదివి పెట్టారో ఏమో, ఒక్క ముక్క మర్చిపోలేదు" అంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ మాట చెప్పి ఇటుకలతో మెట్లెక్కి వెళ్ళిపోయింది. టౌనులో ఆమె తేదీకి ఆమె వెళ్ళలేదు.

3. ఆపిన కవర్లు. ఆ పిమ్మట వచ్చిన ఏడు కవర్లను నేను ఎవరికీ ఇవ్వలేదు. మా ఇంటి అటక మీద రేకుపెట్టెలో ఉంచితిని. ఉత్తరం ఆపుకొన్న పోస్టుమాన్‌కు ఏమి శిక్ష పడునో నాకు తెలియును. కొత్తగా చేరినవారికి ఆ నిబంధన చదివి వినిపించేది నేనే. ఆపితే కనీసం ఎవరి చెయ్యీ విరగదని అనుకున్నాను.

అదీ నిజం కాలేదు. పాల కేంద్రంలో క్యాన్లు కడిగే ఒకామె నన్ను వీధిలో ఆపింది. పది అడుగుల వెనక అత్తగారు వస్తోంది. అటు చూస్తూనే, పెదవులు పెద్దగా కదపకుండా, "నాకేమైనా వచ్చిందాండీ?" అని అడిగింది. ఆమె కవరు అప్పటికి పన్నెండు రోజులుగా మా అటక మీద ఉంది. "ఏమీ రాలేదమ్మా" అన్నాను. వారం పోయాక మళ్ళీ అడిగింది. మూడోసారి అడగలేదు. "లాయరమ్మ నన్ను మర్చిపోయి ఉంటుందిలెండి, ఎంతమందినని గుర్తుపెట్టుకుంటుంది" అని తనే సర్దిచెప్పుకుని పోయింది. ఏడుగురి తేదీలూ అలాగే దాటిపోయాయి. పిలిచినా రాలేదు గనుక ఫైలు మూసివేయడమైనదని వారికి రెండో ఉత్తరాలు వచ్చాయి. అవి కూడా ఎర్ర అక్షరాల కవర్లలోనే వచ్చాయి. అవీ పెట్టెలోనే ఉన్నాయి.

అయ్యా, సైకిలు తొక్కుతూ నాలో నేనే మాట్లాడుకోవడం మొదలైంది. ఏ గుమ్మం ముందు బెల్లు కొట్టినా లోపలి నుంచి ఎవరు వస్తారోనని సంచి వెనక్కి జరుపుకుంటున్నాను. ఇటు పోతే గొయ్యి, అటు పోతే నుయ్యి అన్నట్టుంది నా ఉద్యోగం.

4. పెట్టె భద్రత. ఈ అంశం అర్జీకి అంతగా సంబంధించినది కాదు. పెట్టె సంగతి పూర్తిగా చెప్పవలెను గనుక రాస్తున్నాను. నా భార్య అటక దులుపుతూ పెట్టె దించి, మూత తీసి చూసింది. "ఇవి వాళ్ళకి ఇవ్వాల్సినవి కదండీ?" అంది. నీకెందుకు అన్నాను. "తేదీలు దాటిపోతున్నాయి కదా" అంది. ఆఫీసు విషయాల్లో తలదూర్చవద్దని రెండుసార్లు నెమ్మదిగా చెప్పాను. మూడోసారి చెయ్యి చేసుకోవలసి వచ్చింది. ఇది శాఖాపరమైన రహస్యమును కాపాడు సందర్భంలో జరిగినది గనుక వేరే విధంగా భావించవద్దని మనవి. మా ఇంట్లో ఇలాంటివి తరచుగా జరగవు. జరిగినా బయటికి వినబడవు.

ఆమె మంచిదే గానీ కొంచెం చాదస్తం. ఇంట్లో ఉండేది ఇద్దరం. వారానికి మూడుసార్లు పిండి పట్టించుకొస్తుంది. ఎందుకే ఇంత పిండి అంటే పొయ్యి ఊదుకుంటుంది. రొట్టెలు మాత్రం దూదిలా మెత్తగా ఉంటాయి, కాదనను. రోజూ నేను సైకిలు దిగగానే "ఇవాళ సంచిలో ఏమైనా వచ్చాయా?" అని అడుగుతుంది. ఆమెకు ఉత్తరాలు రాసేవారు ఎవరూ లేరు. "మనకేం రాలేదు" అంటాను. సరేనని లోపలికి పోతుంది.

5. పిండి మిల్లు. వీధి చివర ఒక పిండి మిల్లు ఉంది. దాన్ని నడిపే ఆమెను అందరూ మిల్లక్క అంటారు. లోపల బెల్టు చప్పుడుకు పక్కమనిషి మాట పక్కమనిషికి వినబడదు, చెవిలో చెబితే తప్ప. బట్టలు తెల్లబడతాయని మగవాళ్ళు గడప తొక్కరు. ఆడవాళ్ళు డబ్బాలు వరసగా పెట్టుకుని గంటలకొద్దీ నిలబడతారు. ఏం మాట్లాడుకుంటారో నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

నెల కిందట మిల్లక్క నా సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపింది.

"అన్నయ్యా, మీ దగ్గర ఏడుగురివి ఉన్నాయంట కదా?" అంది.

సైకిలు దిగాను. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పార్లెండి. జరిగిందేదో జరిగింది. ఇక మీదట వచ్చేవి నా దగ్గర పడెయ్యండి. ఎవరి డబ్బా ఏదో నాకు తెలుసు. అడుగున పెట్టి పైన పిండి పోసి పంపిస్తా. మొగుళ్ళు అత్తగార్లు ఇంట్లో అన్నీ సోదా చేస్తారు గానీ పిండి డబ్బాలో చెయ్యి పెట్టరు, చేతికి అంటుకుంటుందని."

ఆలోచిస్తే నాకూ సబబుగానే తోచింది. ప్రయోగాత్మకంగా మూడు కవర్లు ఆ విధంగా బట్వాడా చేయడమైనది. మూడూ చేరాయి. ముగ్గురూ, గింజలు కొనుక్కొస్తామనో పంటి నొప్పి అనో చెప్పి, తేదీకి టౌనుకు వెళ్ళొచ్చారు. వారిలో పాల కేంద్రం ఆమె ఒకర్తె. ఆమెకు మళ్ళీ ఫారం నింపించారట. ఇప్పుడు భర్త ఆమె ఉండే చోటికి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. మొన్న క్యాన్లు కడుగుతూ నన్ను చూసి తల ఊపింది. పంతొమ్మిదేళ్ళలో నాకు ఇంత సంతోషం కలిగిన బట్వాడా లేదు. అయితే వీటికి చిరునామాదారుల సంతకాలు లేవు. రసీదుల మీద ఉన్న గీతలు మిల్లక్క గీసినవి. ఇది కూడా నేరమే గనుక ఒప్పుకుంటున్నాను.

కావున తమరిని కోరునది:

(అ) సదరు కవర్లను మామూలు కవర్లలో, ఏ అక్షరాలూ ముద్రలూ లేకుండా పంపవలసిందిగా న్యాయ సహాయ కార్యాలయానికి తమరు రాయవలెను.

(ఆ) ఇంట్లోని పెద్దలకు ఇవ్వవచ్చునన్న నిబంధన ఈ కవర్లకు వర్తించరాదు. భర్త అయిన వ్యక్తి చేతికి, అతడు ఎంత మంచివాడని ఊరంతా చెప్పినా, ఏ ఉద్యోగంలో ఉన్నవాడైనా, ఈ కవరు పోరాదు.

(ఇ) పిండి మిల్లును వీటి బట్వాడా స్థలంగా గుర్తించవలెను.

(ఈ) మూసిన ఏడు ఫైళ్ళలో, మళ్ళీ ఫారం నింపిన పాల కేంద్రం ఆమెది పోగా, మిగిలిన ఆరింటిని మళ్ళీ తెరిపించి కొత్త తేదీలు ఇప్పించవలెను. వారు రాకపోవడం వారి తప్పు కాదు. ఇటుకలు మోసే ఆమెకు ఇద్దరు లాయర్లను ఇచ్చినా తక్కువే.

(ఉ) నా మీద తీసుకోవలసిన చర్య తీసుకోవచ్చు. నా స్థానంలో వచ్చేవారికి మిల్లు దారి చూపించి మరీ వెళతాను.

పంతొమ్మిదేళ్ళ సేవను ఒక కంటితోనూ, రేకుపెట్టెను ఇంకో కంటితోనూ చూచి, తగు ఉత్తర్వులు దయచేయుటకు తమరు చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయుడు,
రెండో లైను పోస్టుమాన్

తా.క. అయ్యా, పైదంతా సోమవారం రాశాను. ఇవాళ గురువారం. ఈ అర్జీ మూడు రోజులుగా నా సంచిలోనే ఉంది. ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలే కాదు, నా ఉత్తరం కూడా నేనే ఆపుకున్నాను.

నిన్న పొద్దున సార్టింగు బల్ల దగ్గర ఇంకో ఎర్ర అక్షరాల కవరు వచ్చింది. మొదటి లైను పోస్టుమాన్ దాన్ని తీసి చూశాడు. తిరగేసి, బోర్లించి, నా కట్ట మీద పెట్టాడు. "టీ తాగొద్దాం రండి" అన్నాడు. అతను ఎప్పుడూ టీకి పిలిచే మనిషి కాదు.

కవరు మీద మా ఇంటి చిరునామా ఉంది. నా భార్య పేరు ఉంది. దాని కింద ఫలానా వారి భార్య అని నా పేరు ఉంది. నా పేరు అంత లావు అక్షరాల్లో నేను ఎక్కడా చూసుకోలేదు.

తెరవలేదు. తెరవాలనిపించింది, చాలాసార్లు. లోపల ఎన్ని అంశాలు ఉంటాయోనని సైకిలు మీద లెక్కపెట్టుకుంటూ పోయాను. పెట్టె రోజు ఒకటి. కిందటి చలికాలంలో ఒకటి. అన్నం చల్లారిందని ఒకటి. ఇంకా వెనక్కి పోతూ ఉంటే ఒక చోట ఆపేశాను. మా ఇంట్లో తరచుగా జరగవని నాలుగో అంశంలో రాశాను. అది అబద్ధం. రాసేటప్పుడు అబద్ధమని నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. ఆ వాక్యం కొట్టేయండి.

(ఆ) ప్రకారం ఈ కవరు నా చేతికి రాకూడదు. వచ్చింది. నా చేతుల్తో ఆమెకు ఇస్తే తీసుకోదు, భయపడి చస్తుంది. ఇవ్వకపోతే ఆపిన ఏడుగురి తర్వాత ఎనిమిదో ఆమెది అవుతుంది. చివరికి మిల్లుకే పోయాను. నన్ను చూడగానే డబ్బాల దగ్గరి ఆడవాళ్ళు పక్కకు జరిగారు. మర తిరుగుతూనే ఉంది. మిల్లక్క కవరు చూసింది. ఏమీ ఆశ్చర్యపోలేదు.

"వచ్చిందన్నమాట" అంది, మర చప్పుడులో నా చెవి దగ్గరకు వంగి.

"మీకు తెలుసా?"

"ఫారం నింపింది ఆ బస్తాల వెనకే. చెబుతుంటే పక్కన కూర్చుంది నేనే."

"నాతో ఒక్క మాట అనలేదు."

"మీతో ఎలా అంటుంది అన్నయ్యా?" అంది మిల్లక్క. కోపంగా కూడా అనలేదు. "ఇంటికి పంపొద్దు, ఇక్కడికే పంపండని వంద సార్లు రాయించుకుంది. అక్కడ వాళ్ళు వినిపించుకోలేదు. ఎప్పుడు వస్తుందో, మీ సంచిలోనే పడుతుందో ఏమో అని పట్టిన పిండినే మళ్ళీ పట్టించుకుంటూ ఇక్కడ నిలబడేది. మీ అటక మీద పెట్టె సంగతి నాకెవరు చెప్పారనుకున్నారు? ఉత్తరాలు డబ్బాలో పెట్టి పంపుదామన్నది ఎవరనుకున్నారు?"

నా భార్య డబ్బా వరసలో నాలుగోది. మూత ఒక పక్క సొట్టపోయి ఉంటుంది. ఆ సొట్ట ఎలా పడిందో నాకు తెలుసు. మిల్లక్క నా ఎదురుగానే కవరు అడుగున పెట్టి పైన పిండి పోసి మూత పెట్టింది. "చూశారుగా. ఇక వెళ్ళండి, ఆవిడ వచ్చే టైమైంది" అంది.

సాయంత్రం ఇంటికి పోయాను. డబ్బా ఎప్పుడూ ఉండే చోటే, పొయ్యి పక్క గూట్లో ఉంది. నేను కూర్చునే పీటకు రెండు చేతుల దూరం. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది, నేను ఎప్పుడూ మూత తీయలేదు. ఆమె పిండి కలుపుతోంది.

"ఇవాళ సంచిలో ఏమైనా వచ్చాయా?" అని అడిగింది, రోజూ అడిగినట్టే.

"మనకేం రాలేదు" అన్నాను, రోజూ చెప్పినట్టే.

సరేనంది. రొట్టెలు వడ్డిస్తూ, తల ఎత్తకుండా, "పద్నాలుగో తేదీ మీకు డ్యూటీ ఉంటుందా?" అని అడిగింది. కవరు మీది ముద్ర పద్నాలుగే. ఎక్కడికీ అని అడగబోయాను. చెయ్యి కూడా లేచిందేమో తెలియదు. నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"ఉంటుంది" అన్నాను.

అయ్యా, పైన (అ) నుండి (ఉ) వరకు తమరికి వీలున్నప్పుడు చూడండి. ఇది మాత్రం ముందు చూడండి. పద్నాలుగో తేదీన నాకు సెలవు ఇవ్వవద్దు. నేను అడుగుతాను. నా సంగతి నాకు ఇప్పుడు తెలుసు. ఇవాళ ఇలా రాస్తున్నవాణ్ణే ఆ పొద్దున మళ్ళీ మామూలు మనిషినైపోతాను. జ్వరం అంటాను, ఎవరో పోయారంటాను, పంతొమ్మిదేళ్ళ సర్వీసు చూపిస్తాను. చాలా నమ్మకంగా చెబుతాను. నమ్మవద్దు. సార్టింగు గదిలో కూర్చోబెట్టి బయట తాళం వేయించండి. టౌను బస్సు ఎనిమిదిన్నరకు. అది వెళ్ళిపోయిందని తాళం తీయకండి. పదకొండుకు ఇంకోటి ఉంది. అది కూడా పోయాక తీయండి.